పెట్రోలు లెక్క, ఊపిరి లెక్క

"ఈ యేడు సావనీరుకి నువ్వేదో ఒకటి రాసి తీరాలి" అని మన యూనియన్ మాగజైన్ సెక్రటరీ కాంటీను దగ్గర నన్ను పట్టుకున్నాడు. కవిత్వం నాకు చేతకాదు, కథలు అసలే రావు అని తప్పించుకోబోయాను. "మోటారు సైకిళ్ళ మీద లడాక్ పోయివచ్చారు గదా, అది రాయి" అన్నాడు. అక్కడి మంచుకొండల గురించీ, నీలాకాశం గురించీ ఇప్పటికే చాలామంది రాశారు, వాళ్ళంత బాగా నేను రాయలేను. కాని బయల్దేరే ముందు ఇక్కడే, హాస్టల్ గదిలో కూచుని వెయ్యవలసిన లెక్కలు కొన్ని ఉన్నాయి. వాటిని గురించి రాయగలను. అందులో ఒక లెక్క నేను వెయ్యలేదు గనుక ఏం జరిగిందో కూడా రాయగలను.

జూనియర్లు ఎవరొచ్చినా నన్ను మూడే ప్రశ్నలు అడుగుతారు. ఏ బండి? ఎంత ఖర్చు? ఎన్ని రోజులు? "రాత్రిళ్ళు ఎక్కడ పడుకున్నారన్నా?" అని ఇంతవరకూ ఒక్కడూ అడగలేదు. తక్కిన మూడింటి కంటే ముందు అడగవలసిన ప్రశ్న అది. ఎందుకో ఈ వ్యాసం చివరికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

ఇసుక లేని ఎడారి

ఎడారి అనగానే మనకి ఇసుక తిన్నెలూ, ఒంటెలూ, మాడ్చే ఎండా మనసులో మెదులుతాయి. లడాక్ కూడా ఎడారే. నుబ్రా లోయలో హుండర్ దగ్గర కాసిని ఇసుక దిబ్బలూ, రెండు మూపురాల ఒంటెలూ ఉన్న మాట నిజమే గాని, మిగతా అంతా రాయీ, గులకా, మట్టికొండలూను. రుతుపవనాల మబ్బులు హిమాలయాలకి ఇవతలి వాలు మీదే బరువు దించేసుకుంటాయి. అవతలికి చేరేది ఒట్టి గాలి. లేహ్ పట్టణంలో ఏడాది మొత్తానికి కురిసేది సుమారు 100 మిల్లీమీటర్లు. మనం కరువు జిల్లా అని చెప్పుకునే అనంతపురానికి దాదాపు 550 మిల్లీమీటర్లు. అంటే అనంతపురం వానలో ఐదో వంతు కూడా లేదన్న మాట.

దీని వల్ల ప్రయాణికుడికి వచ్చే చిక్కులు ఏమిటి? చెట్టు లేదు, కనుక నీడ లేదు. పగలు ఎండ చర్మాన్ని కాలుస్తుంది, రాత్రి జూన్ నెలలో కూడా సీసాలో నీళ్ళు గడ్డ కడతాయి. ఊళ్ళు లేవు. మనాలీ నుంచి లేహ్ పోయే దారిలో దార్చా దాటాక రుమ్‌త్సే వచ్చేదాకా, సుమారు 250 కిలోమీటర్లు, ఏడాది పొడుగునా మనుషులుండే ఊరంటూ లేదు. వేసవిలో నాలుగు నెలలు వెలిసే గుడారాలు, సైనిక శిబిరాలు, రోడ్డు కూలీల డేరాలు, మోరే మైదానంలో గొర్రెల్నీ జడల బర్రెల్నీ మేపుకునే చాంగ్‌పా సంచార జనం, అంతే. అక్కడ బండి చెడితే మెకానిక్కు మనమే. మనిషి చెడితే డాక్టరు లేడు.

ఇంకొక మాట. ఎడారి గదా, వానకి భయం లేదనుకోకూడదు. 2010 ఆగస్టు 5వ తేదీ రాత్రి లేహ్‌లో మేఘం బద్దలై వచ్చిన బురద వరదలో రెండు వందల మందికి పైగా చనిపోయారు. మట్టిని పట్టి ఉంచే చెట్టూ వేరూ లేని కొండ, కొద్ది వానకే కరిగి కిందికొస్తుంది. అందుచేత ఎండిన వాగులో, ఎంత చదునుగా కనిపించినా సరే, గుడారం వెయ్యకూడదు.

దారి

మేం నలుగురం 2023 జూన్‌లో బయల్దేరాం. పేర్లెందుకు, ఊళ్ళతో చెబుతాను. గుంటూరు వాడు, వరంగల్ వాడు, కర్నూలు వాడు, నేను. బండ్లని సికింద్రాబాదులో రైల్లో వేశాం. టాంకులో పెట్రోలు పూర్తిగా తీసెయ్యాలి, ఆర్.సి. నకలూ గుర్తింపు కార్డు నకలూ ఇవ్వాలి, గోనెపట్టాలో చుట్టించాలి. ఢిల్లీలో దింపుకుని మనాలీ దాకా ఐదువందల పైచిలుకు కిలోమీటర్లు రోడ్డు మీద పోయాం.

మనాలీ ఎత్తు సముద్ర మట్టానికి 2,050 మీటర్లు. మన రెండు రాష్ట్రాల్లోని ఎత్తయిన కొండ కూడా 1,700 మీటర్లు దాటదు. అంటే మనాలీలో కాలు పెట్టేసరికే మనవాళ్ళెవరూ పుట్టి పెరగని ఎత్తులో ఉన్నాం. ఇదివరకు రోహ్‌తంగ్ కనుమ ఎక్కి దిగితేగాని లాహౌల్ లోయ వచ్చేది కాదు. 2020 అక్టోబరులో 9 కిలోమీటర్ల అటల్ సొరంగం తెరిచాక ఆ బాధ తప్పింది. సొరంగం దాటితే సిస్సూ, తాండి, కేలాంగ్ (3,080 మీటర్లు), జిస్పా (3,200), దార్చా. అక్కణ్ణించి ఎక్కుడు మొదలు. బారాలాచా లా 4,890. దిగితే సర్చూ 4,290. గాటా లూప్స్ అనే 21 మలుపులు ఎక్కితే నకీ లా, దాని వెంటనే సుమారు 5,060 మీటర్ల లాచులుంగ్ లా. దిగితే పాంగ్ 4,600. ఆ పైన మోరే మైదానం. చివరి కనుమ తంగ్లాంగ్ లా, 5,300 పైనే. దాన్ని దిగితే రుమ్‌త్సే, సింధు నది ఒడ్డున ఉప్షీ, కారూ, లేహ్ (3,500). సొరంగం గుండా మొత్తం 430 కిలోమీటర్ల లోపే.

ఈ అంకెల్ని మరోసారి చదవండి. 430 కిలోమీటర్లంటే మనకి ఒక రాత్రి బస్సు ప్రయాణం. ఆ దూరం చూసే నేను మోసపోయాను.

బండి సంగతి

రెండు రకాల దారులకీ పనికొచ్చే బండి కావాలి. తారు రోడ్డు మీద రోజుకి మూడువందల కిలోమీటర్లు నడవాలి, రాళ్ళ వాగులో దిగినా అడుగు తగలకూడదు. దీనికి చూసుకోవలసినవి నాలుగు. ముందు చక్రం పెద్దది, 21 అంగుళాలది అయితే గుంటల్ని మింగేస్తుంది. ఇంజను అడుగు నేలకి బాగా ఎత్తుగా, 200 మిల్లీమీటర్లకి పైన ఉండాలి. చక్రాలకి స్పోకులుండాలి, అవి వంగినా సరి చేసుకోవచ్చు. నిలబడి నడపడానికి వీలుగా హాండిల్, ఫుట్‌రెస్టులు ఉండాలి. మాలో ఇద్దరికి 411 సి.సి. హిమాలయన్లు, కర్నూలు వాడికి ఎక్స్‌పల్స్ 200, గుంటూరు వాడికి వాళ్ళ మేనమామ వాడిన పాత 350 బుల్లెట్, కార్బురేటర్‌ది. పాత బుల్లెట్ల మీద లేహ్ పోయినవాళ్ళు వేలమంది ఉన్నారు. బండి ఏదని కాదు, దాని స్వభావం తెలిసి ఉండడం ముఖ్యం.

ఎత్తుకి పోయేకొద్దీ గాలి పలచన అవుతుంది. గాలిలో ఆక్సిజన్ పాలు ఇక్కడా అక్కడా నూటికి 21 వంతులే. తగ్గేది ఒత్తిడి. సర్చూలో అది సముద్రతీరంలో ఉండేదానిలో నూటికి 60 వంతులు, తంగ్లాంగ్ లా మీద సగానికి కాస్త ఎక్కువ. ఇంజను ఒక్కొక్క గుక్కకి పీల్చే గాలి ఆ మేరకు తగ్గుతుంది. ప్రతి వెయ్యి మీటర్లకీ సుమారు నూటికి పది వంతుల బలం పోతుందని మోటా లెక్క. 24 గుర్రాల హిమాలయన్ ఆఖరి కనుమ మీద పద్నాలుగు గుర్రాల బండి అయి కూచుంటుంది. ఇంధనాన్ని కంప్యూటరు కొలిచి పోసే బండి కనీసం పెట్రోలు తగ్గించుకుంటుంది. కార్బురేటర్‌కి ఆ తెలివి లేదు. పాతంతే పోస్తుంది, గాలి చాలక నల్లపొగ వస్తుంది, ప్లగ్గుకి మసి పడుతుంది. చిన్న జెట్టు వేయించుకోవాలి, గాలి ఫిల్టరు శుభ్రంగా ఉంచాలి, రెండు ప్లగ్గులు జేబులో పెట్టుకోవాలి. ఇవన్నీ మేం చేశాం. గుంటూరు వాడి బుల్లెట్ బారాలాచా లా ఎక్కేటప్పుడు దగ్గింది గాని ఆగలేదు.

పెట్రోలు లెక్క

తాండి బంకు దగ్గర పేరుపొందిన బోర్డు ఒకటుంది. తరువాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో అని దాని భావం. నిజానికి లేహ్‌కి 35 కిలోమీటర్ల ముందు కారూలో ఒకటుంది. మధ్యలో డబ్బాలతో అమ్మేవాళ్ళు దొరకవచ్చు, దొరక్కపోనూ వచ్చు. ఉన్న బంకులో కూడా సరుకు అయిపోవచ్చు. అందుచేత బోర్డు మీది అంకెనే నమ్మి లెక్క వెయ్యాలి.

మొదటి సూత్రం: మన ఊళ్ళో వచ్చే మైలేజీ అక్కడ రాదు. ఎక్కుడు దారి, తక్కువ గేర్లు, సామాను బరువు. ఐదో వంతు తీసెయ్యండి. హిమాలయన్‌కి ఇక్కడ 30 వస్తుంటే అక్కడ 24 అనుకోండి. 365ని 24తో భాగిస్తే 15 లీటర్ల పైన. రెండో సూత్రం: దానికి పావు వంతు కలపండి. దారి మూసేస్తే వెనక్కి తిరగడానికీ, గుడారం కోసం తిరగడానికీ, పక్కవాడికి ఇవ్వడానికీ అది. మొత్తం 19 లీటర్లు. టాంకులో 15 పడుతుంది. కనుక విడిగా నాలుగైదు లీటర్లు మొయ్యాలి. బుల్లెట్ టాంకు 13.5, దానికి 25 మైలేజీ అనుకుంటే విడిగా ఐదు లీటర్లు. ఎక్స్‌పల్స్ టాంకు 13, అది తక్కువ తాగుతుంది గనుక మూడున్నర చాలు.

మంచినూనె డబ్బాల్లో పెట్రోలు పొయ్యకండి. ఇంధనం కోసం చేసిన డబ్బానే కొనాలి. అంచుదాకా నింపకూడదు. ఎత్తుకి పోతే లోపలి ఆవిరి ఉబ్బి మూత దగ్గర కారుతుంది. బండికి పక్కగా, కిందుగా కట్టాలి. వెనక సీటు మీద ఎత్తుగా కడితే మలుపులో బండి మన మాట వినదు.

రిపేరు సామాను

సామాను జాబితా పెద్దదే. ముందుకీ వెనక్కీ ట్యూబులు, టైరు లీవర్లు, చేతిపంపు, పంచరు సొల్యూషను, క్లచ్ వైరు, ఎక్సలేటర్ వైరు, చైన్ లింకు, బ్రేకు లీవరు, క్లచ్ లీవరు, ఫ్యూజులు, ఎం-సీల్, ఇన్సులేషన్ టేపు, కట్టుతీగ. కొత్త వైర్లని పాతవాటి పక్కనే ముందుగానే టేపుతో కట్టి ఉంచితే తెగినప్పుడు పది నిమిషాల్లో మార్చుకోవచ్చు.

కాని జాబితా రాయడం తేలిక. బయల్దేరడానికి నెల ముందు ఒక ఆదివారం మధ్యాహ్నం హాస్టల్ ముందు ఎండలో నలుగురం మా మా బండ్ల వెనక చక్రం విప్పి, టైరు ఊడదీసి, ట్యూబు మార్చి, మళ్ళీ బిగించాం. మొదటిసారి నాకు రెండున్నర గంటలు పట్టింది. లీవరుతో కొత్త ట్యూబుని నేనే చిల్లి పొడిచాను. చూడ్డానికి వచ్చినవాళ్ళకి మంచి కాలక్షేపం అయింది. మూడో ఆదివారానికి నలభై నిమిషాల్లో అయిపోయింది. హాస్టల్ ముందు చెయ్యలేని పని పాంగ్ దగ్గర చెయ్యలేం. అక్కడ వంగి బోల్టు తిప్పితేనే ఆయాసం వస్తుంది.

కాలం లెక్క

అక్కడి దారిని కిలోమీటర్లలో కాదు, గంటల్లో కొలవాలి. సరిహద్దు రహదారుల సంస్థ వారు ఏటా తారు వేస్తూనే ఉన్నారు, ఏటా మంచు దాన్ని పగలగొడుతూనే ఉంది. మంచి చోట గంటకి 50 పోతాం, చెడ్డ చోట 10. మొత్తం మీద సగటు 25 అనుకుంటే నిరాశ ఉండదు.

రెండోది, వాగులు. కొండమీది మంచు పగటి ఎండకి కరిగి మధ్యాహ్నానికి రోడ్డు మీదికి వస్తుంది. ఉదయం ఏడింటికి చీలమండ లోతున్న వాగు సాయంత్రం నాలుగింటికి మోకాలు దాటుతుంది. కనుక తెల్లవారకముందే లేచి, ఐదున్నరకల్లా బండి కదిపి, పెద్ద వాగులన్నీ పన్నెండు లోపు దాటెయ్యాలి. లోతు తెలియని నీళ్ళలో బండి దింపకండి. ముందు ఒకడు నడిచి చూడాలి. దిగాక మొదటి గేరులో ఒకే వేగంతో, కళ్ళు అవతలి ఒడ్డు మీద పెట్టి పోవాలి. మధ్యలో క్లచ్ పట్టుకుంటే అక్కడే నిలబడిపోతాం.

మూడోది, ఖాళీ రోజులు. పదిరోజుల యాత్రలో రెండు రోజులు ఏ పనీ పెట్టకుండా వదిలెయ్యాలి. మేం తిరిగివచ్చిన కొద్దిరోజులకే, 2023 జూలై 9, 10 తేదీల్లో బియాస్ నది పొంగి కుల్లూ, మనాలీ రోడ్డుని చాలాచోట్ల కోసేసింది. రిటర్న్ టిక్కెట్టు తేదీ చూసుకుని నడిపేవాడు చెయ్యకూడని తొందరలన్నీ చేస్తాడు.

నేను వెయ్యని లెక్క

ప్లాను వేసింది నేను. గోడకి పెద్ద మాపు అంటించి, ఎర్ర పెన్సిలుతో గీతలు గీసి, పెట్రోలు పట్టిక తయారుచేసి, సీనియర్ల చేత శభాష్ అనిపించుకున్నాను. మొదటిరోజు మనాలీ నుంచి సర్చూ. రెండోరోజు సర్చూ నుంచి లేహ్. దూరాన్ని దాదాపు సగానికి కోశాను. మాపులో చూస్తే అంతకంటే న్యాయమైన పంపకం లేదు.

సాయంత్రం నాలుగింటికి సర్చూ చేరాం. పొద్దున లేచింది 2,050 మీటర్ల దగ్గర, పడుకోబోయేది 4,290 దగ్గర. గుంటూరు వాడు మాలో అందరికంటే బలమైనవాడు. కాలేజీ కబడ్డీ టీములో రెండేళ్ళు ఆడాడు. టీ తాగి "తలకాయ కొంచెం పట్టేసినట్టుందిరా" అన్నాడు. "ఎండకి, హెల్మెట్‌కి అలాగే ఉంటుంది, మాత్ర వేసుకో" అన్నాను. రాత్రి అన్నం ముట్టలేదు. గ్యాసు అన్నాడు. రెండుసార్లు వాంతి అయిన సంగతి మాకు చెప్పలేదు. బయటికి పోయి, వచ్చి, కంబళి కప్పుకుని పడుకున్నాడు.

పదకొండింటికి గుడారం యజమాని, లాహౌల్ ముసలాయన ఒకడు, లాంతరు పట్టుకుని మమ్మల్ని లేపాడు. మీవాడు బయట తాగినవాడిలా తూలుతున్నాడు, తాగాడా అని హిందీలో అడిగాడు. వాడు మందు ముట్టడు. పోయి చూస్తే జర్కిన్ జిప్పు పట్టుకుని పైకి లాగలేక నిలబడి ఉన్నాడు. ముసలాయన నేలమీద కాలితో గీత గీసి, మడమకి బొటనవేలు ఆనించి దాని మీద నడవమన్నాడు. రెండడుగులు వేసి పక్కకి పడిపోయాడు. ముసలాయన నావైపు తిరిగి, "కిందికి దించాలి" అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు సర్చూ అంటే ఏమిటో. కిందికి దిగడానికి అక్కడ దారి లేదు! వెనక్కి పోదామంటే ముందు 4,890కి ఎక్కాలి. ముందుకి పోదామంటే 5,060కి ఎక్కాలి. రెండు కనుమల నడుమ గిన్నె అడుగున కూచున్నాం. ఎటు కదిలినా ముందు పైకి పోవలసిందే. నా మాపులో ఎర్రగీత మీద అది చక్కగా మధ్యలో ఉన్న చుక్క. ఆ చుక్కే ప్రమాదమని గీత గీసినప్పుడు నాకు తట్టలేదు.

దగ్గర్లో సైన్యం వారి శిబిరం ఉంది. ముసలాయనే తీసుకుపోయాడు. వాళ్ళు ఇంజెక్షను ఇచ్చి ఆక్సిజన్ పెట్టారు. మంచు పేరిన రోడ్డు మీద చీకట్లో కనుమ ఎక్కడం కుదరదు గనుక వెలుగు రాగానే జీపులో, సిలిండరు పక్కన పెట్టి, బారాలాచా లా మీదుగా కేలాంగ్ ఆస్పత్రికి దించాం. దార్చా దాటేసరికి వాడు "ఆకలేస్తోందిరా" అన్నాడు. నాకు అంతకంటే మంచి మాట ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

కేలాంగ్ నుంచి వాళ్ళ ఇంటికి ఫోను చెయ్యవలసినవాణ్ణి నేనే. వాళ్ళ నాన్నగారు ఎత్తారు. "మావాడు ఢిల్లీలో పరీక్ష రాస్తున్నాడు గదయ్యా, నువ్వు ఆస్పత్రి అంటావేంటి?" అన్నారు. వాడు ఇంట్లో చెప్పింది అది. మాలో ఇద్దరం అలాంటి అబద్ధాలే చెప్పి వచ్చాం. ఆ నిమిషంలో ఆయనకి జరిగింది చెప్పాలో, ఢిల్లీకి కేలాంగ్ ఎంత దూరమో చెప్పాలో నాకు పాలుపోలేదు. ఆయన తిట్టలేదు. "నాయనా, మావాడిని ఒంటరిగా వదలమాక" అన్నారు.

వదల్లేదు. కాని ఇక్కడ ఒక మాట దాచకూడదు. ఆ రాత్రి ముసలాయన కిందికి దించాలి అనగానే నాకు మొట్టమొదట వచ్చిన ఆలోచన, రేపటి ప్లాను పోయిందే అని. తరవాతే వాడు గుర్తొచ్చాడు. ఆ యేడు మేం లేహ్ చూడలేదు. నాలుగు బండ్లూ వెనక్కి తిరిగాయి.

ఊపిరి లెక్క

తరవాత డాక్టర్ల దగ్గరా, పుస్తకాల్లోనూ నేర్చుకున్నది క్లుప్తంగా చెబుతాను.

శరీరం పల్చటి గాలికి అలవాటు పడగలదు, కాని దానికి రోజులు కావాలి. ఊపిరి వేగం పెరగాలి, రక్తం మారాలి. 3,000 మీటర్లు దాటాక ఒక రాత్రికీ మరుసటి రాత్రికీ మధ్య పడుకునే ఎత్తు 500 మీటర్లకి మించి పెరగకూడదు. మూడు నాలుగు రోజులకొకసారి ఎత్తు పెంచకుండా ఒక రాత్రి ఆగాలి. పగలు ఎంత ఎత్తుకి ఎక్కి దిగినా ఫరవాలేదు గాని, పడుకునే ఎత్తు ముఖ్యం. నేను వాడి చేత ఒక్కరోజులో 2,240 మీటర్లు ఎక్కించి పడుకోబెట్టాను. కబడ్డీ కండలు దీనికి అడ్డం రావు. బలమైనవాడికీ రావచ్చు, బక్కవాడికి రాకపోవచ్చు. బలమైనవాడు చెప్పుకోవడానికి సిగ్గుపడతాడు, అదే తేడా.

తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం మొదటి మెట్టు. అక్కడే ఆగిపోవాలి, పైకి పోకూడదు. తూలడం, మాట తడబడడం, అర్థం లేకుండా ప్రవర్తించడం మెదడు వాచిందనడానికి గుర్తు. కూచున్నా ఆయాసం, దగ్గు, నురగ ఊపిరితిత్తుల్లో నీరు చేరిందనడానికి గుర్తు. ఈ రెండింటికీ అసలు మందు కిందికి దిగడమే. ఆక్సిజనూ ఇంజెక్షనూ దిగేదాకా ప్రాణం నిలబెడతాయి. అసెటజోలమైడ్ అనే మాత్ర ముందుగా వేసుకుంటే అలవాటు పడడం త్వరగా అవుతుందంటారు. అది డాక్టరు చూసి ఇవ్వవలసింది, సల్ఫా పడనివాళ్ళు ముందే చెప్పాలి. మాత్ర ఉంది గదా అని రాత్రులు తగ్గించుకోకూడదు. మద్యం, నిద్రమాత్రలు అసలు వద్దు.

ఇంజనూ మనిషీ పీల్చేది ఒకే గాలి. బుల్లెట్‌కి ఊపిరాడకపోతే నల్లపొగ కక్కి అందరికీ చెప్పింది. మేం ఆగి ప్లగ్గు తుడిచాం. దాని మీద కూచున్నవాడు మాత్రం "ఏం లేదు, గ్యాసు" అన్నాడు. బండి దాచుకోదు, మనిషి దాచుకుంటాడు. కనుక ప్లానులో మనిషి చేత చెప్పించే ఏర్పాటు కూడా ఉండాలి.

మరుసటి యేడు

2024 జూన్‌లో అదే నలుగురం మళ్ళీ వెళ్ళాం. ఈసారి మాపు మీద దూరాలు రాయలేదు, రాత్రులు రాశాం. శ్రీనగర్ (1,585 మీటర్లు) రెండు రాత్రులు. సోన్‌మార్గ్ 2,730. జోజి లా దాటి కార్గిల్ 2,676. ఫోటు లా దాటి లామాయూరు, సుమారు 3,500. లేహ్ 3,500, అక్కడ రెండు రాత్రులు విశ్రాంతి. పైకి పోయే మెట్లన్నీ చిన్నచిన్నవి. ఆ దారిలో పోయేవారు అప్పటి పరిస్థితులూ, అధికారుల ఆదేశాలూ చూసుకుని బయల్దేరాలి. తిరుగు దారిలో మాత్రం మనాలీ వైపు వచ్చాం. అప్పటికి పదిరోజులు ఎత్తులో ఉన్నాం గనుక సర్చూ మమ్మల్ని ఏమీ చెయ్యలేదు. అదే చోటు, అదే గుడారం. ఎటు నుంచి వచ్చామన్నదే తేడా. ముసలాయన గుంటూరు వాణ్ణి గుర్తుపట్టి, నేల మీద గీత గీసి నడవమన్నాడు. వాడు నడిచి చూపించాడు. టీకి డబ్బులు తీసుకోలేదు.

మనాలీ వైపు నుంచే పోతామనేవాళ్ళు కేలాంగ్‌లోనో జిస్పాలోనో రెండు రాత్రులు ఆగాలి. మూడోరోజు చీకటితో బయల్దేరి సర్చూలో, పాంగ్‌లో పడుకోకుండా లేహ్ చేరాలి. 330 కిలోమీటర్ల పైన, పన్నెండు గంటలకి తక్కువ కాదు. అంత చెయ్యలేం అనిపిస్తే శ్రీనగర్ దారే మేలు.

వెళ్ళబోయే తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి

మేం రెండోసారి కాగితం మీద రాసుకుని నలుగురం సంతకాలు పెట్టిన షరతులు ఇవి.

1. ప్రతి రాత్రి ఎక్కడ, ఎంత ఎత్తులో అన్నది ముందు నిర్ణయించాలి. దూరాలు ఆ తరవాత.

2. సాయంత్రం టీ దగ్గర ప్రతివాడూ తన తల సంగతి, కడుపు సంగతి నిజం చెప్పాలి. గీత మీద నడిచి చూపించాలి. ఇందులో వేళాకోళం లేదు.

3. తలనొప్పి వస్తే ఎత్తువల్లే వచ్చిందనుకోవాలి, కాదని తేలేదాకా.

4. ఒకడు తిరగాలంటే అందరూ తిరగాలి. ఎక్కడి నుంచి ఎలా తిరగాలో ఇక్కడే రాసుకోవాలి, అక్కడ చర్చ పెట్టకూడదు.

5. ఇంట్లో నిజం చెప్పాలి. ఏ రోజు ఎక్కడ ఉంటామో కాగితం అమ్మానాన్నల దగ్గర ఉండాలి. మన ప్రీపెయిడ్ సిమ్ లడాక్‌లో పలకదు, ఒక్కడిదైనా పోస్ట్‌పెయిడ్ ఉండాలి. మధ్యలో రెండురోజులు ఏ ఫోనూ పలకదని వాళ్ళకి ముందే చెప్పాలి. విదేశీ పుస్తకాలు చూసి ఉపగ్రహ ఫోను తీసుకుపోకండి, మన దేశంలో అనుమతి లేకుండా అది నేరం.

6. అద్దెబండి తీసుకునేవాళ్ళు ఒక సంగతి తెలుసుకోవాలి. బయటి ఊళ్ళలో అద్దెకి తీసుకున్న బండ్లని లేహ్ చుట్టుపక్కల తిప్పనివ్వరు. అక్కడి బండే అక్కడ అద్దెకి తీసుకోవాలి.

ఆ ఎర్రగీతల పాత మాపు ఇంకా నా గది గోడకి ఉంది. సర్చూ చుక్క చుట్టూ గుంటూరు వాడు నల్లపెన్సిలుతో సున్నా చుట్టి, పక్కన 4,290 అని రాశాడు. ఈ వేసవికి మన మూడో సంవత్సరం కుర్రాళ్ళు ముగ్గురు లేహ్ పోతారట. ప్లాను చూపించడానికి నిన్న నా గదికి వచ్చారు. పెట్రోలు లెక్క బ్రహ్మాండంగా వేశారు, నాకంటే బాగా వేశారు. "మొదటి రాత్రి ఎక్కడ?" అన్నాను. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ప్లాను మళ్ళీ వేసుకు రమ్మని పంపించాను.